తుంగ చాప మీద మూడు రోజులు

మొన్నటి ముసురుకి అటక మీద తుంగ చాప చెమ్మెక్కితే దించి, ఏలూరులో మా ఫ్లాటు బాల్కనీలో పరిచాను. ఆ తడి తుంగ వాసనకి ముదినేపల్లి దగ్గర మా ఇంటి పెరటి వసారా, దాని మూలన అమ్మ కళ్లముందుకొచ్చింది.

నెలకి మూడు రోజులు అమ్మ ఇలాంటి చాప మీదే ‘బయట’ ఉండేది. ఆ ఆచారం మీద నాకు అప్పుడూ ఇప్పుడూ గౌరవం లేదు. కానీ తెల్లారకుండా లేచి పేడకళ్లు ఎత్తి, పాలు పితికి, కూలీలకి అన్నాలు వండి, చేతులకి చేపల పులుసు వాసన వదలకుండానే మళ్లీ మాపటి పొయ్యి ముట్టించే అమ్మ, ఆ మూడు రోజులే కొల్లేటి గాలికి ఒళ్లు వాల్చి, వారపత్రిక ముఖం మీద కప్పుకుని పట్టపగలు నిద్రపోయేది. వంట నాయనమ్మ చేసేది.

నాకప్పుడు పదేళ్లు, అమ్మకి నలభై ఎనిమిది. ఆ ఏడు వానల్లో కూడా అమ్మ కొంగుతో విసురుకునేది, ఊరికే కసిరేది. అట్లతద్ది ముందురోజు తొక్కుడుబిళ్ల ఆట వదిలేసి జడ వెయ్యమని వెళ్తే, చెయ్యి అడ్డం పెట్టింది.

“ముట్టుకోకమ్మా, నేను బయటున్నాను.”

నాకు ఒళ్లు మండింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. నాన్న, పక్కింటి అత్తయ్య కూర్చుని ఉండగానే, అరుగు మీద మినప్పప్పులో రాళ్లు ఏరుతున్న నాయనమ్మతో గట్టిగా అనేశాను.

“మూణ్ణెల్లుగా దడి మీద అమ్మ ముట్టుగుడ్డలు ఆరేసిందే లేదు. మరి బయటెలా ఉంటుంది?”

నాన్న తల దించుకుని వెళ్లిపోయారు. అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెరట్లో అమ్మ అంతా వింది. చాప చుట్టి గోడకి నిలబెట్టి, తలస్నానం చేసి వచ్చి, సాయంత్రం రుబ్బురోలు ముందు కూర్చుంది. పిండి అయ్యాక నాకు జడ వేసింది. మళ్లీ ఎప్పుడూ ఆ చాప మీద కూర్చోలేదు.

మర్నాడు అట్లు పోస్తూ నాయనమ్మ నాతో మెల్లిగా అంది. “నాకు తెలీదనుకున్నావటే? తెలిసే ఊరుకున్నాను. నాకు ఆగిపోయాక నేనూ ఏడాదిపాటు అలా కూర్చున్నదాన్నే, మా అత్తగారూ ఊరుకున్నారు. నలుగురి ముందూ అనేశాక ఇంక నేనేం చెయ్యనే?”

ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. నాకూ ఆగి అయిదు నెలలైంది. స్కూల్లో పాఠం చెబుతుండగా మధ్యలో ఒంటికి సెగ కమ్ముతుంది, ఇంటికొచ్చేసరికి కాళ్లు లాగేస్తాయి. అమ్మ పోయింది, ఆమెని క్షమించమని నేనెప్పుడూ అడగలేదు. ఆ పెరటి మూలా లేదు, తెలిసీ ఊరుకునే నాయనమ్మా లేదు.

ఆరిన చాప మీద కాసేపు నడుం వాల్చాను.

“ఏం, పడుకున్నావు? ఒంట్లో బాగాలేదా?” లోపల్నించి మావారు అడిగారు. “టీ పెడతావా?”

చెప్పడానికి ఒక్క సాకూ తోచలేదు. లేచి చాప చుట్టాను.