రవీందర్ ఒట్టు, పర్వతాలు పప్పు

పర్వతాలు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు గానీ, పాత డిపోలో ఎవరినడిగినా అతని డ్రైవింగ్ గురించి చెప్పరు, వంట గురించి చెబుతారు. డ్రైవింగ్ కూడా మంచిదే. కాకపోతే డ్రైవింగును ఎవరూ వేళ్ళు నాకుతూ మెచ్చుకోరు కదా.

ఆ వంట పుట్టింది పాలకీడులో. మిర్యాలగూడ నుంచి సాయంత్రం అక్కడికి వెళ్ళిన రెండు బస్సులు రాత్రికి అక్కడే ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగొచ్చేవి. ఒక బస్సుకు పర్వతాలు డ్రైవరు, కోదాడ నుంచి వచ్చిన రవీందర్ కండక్టరు. రెండో బస్సుకు త్రిపురారం పక్క తండాకు చెందిన ఫకీరా డ్రైవరు, మిర్యాలగూడ ఏసుబాబు కండక్టరు. పొద్దుగూకితే ఆ ఊళ్ళో అప్పట్లో చాయ్ కూడా దొరికేది కాదు. టిఫిన్ డబ్బాల్లో చల్లారిన అన్నం తిని విసుగెత్తిన పర్వతాలు ఒక రోజు సీటు వెనక కిరోసిన్ స్టవ్వు పెట్టుకుని వచ్చాడు.

అతను నేర్చుకున్నవి మూడే: టమాట పప్పు, గుడ్డు పొరటు, పచ్చి పులుసు. నాలుగోది నేర్చుకోమని ఎవరూ అడగలేదు. పచ్చి పులుసంటే రవీందర్‌కు ప్రాణం. చింతపండు పులుసును కాయకుండా అందులోనే కాల్చిన మిరపకాయలు, ఉల్లిగడ్డలు పిసికి కలిపితే, వేడన్నంలో పోసుకుని, చివరికి పళ్ళెం ఎత్తి తాగేవాడు. వయసులో అందరికంటే చిన్నవాడు కాబట్టి ఎవరూ వంకపెట్టేవారు కాదు.

అలాంటి రవీందర్ ఏడాదిగా పర్వతాలుతో మాట్లాడడం లేదు.

కారణం వింటే నవ్వొస్తుంది. నవ్వేముందు మీ ఫోన్‌లో ఎవరెవరికి పెళ్ళి కార్డులు పంపారో ఒకసారి చూసుకోండి. పోయిన ఎండాకాలం పర్వతాలు సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి భార్య బాలమ్మను బండి మీద ఎక్కించుకుని చుట్టాల ఇళ్ళన్నీ తిరిగాడు. ఫకీరా తండాకు వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. ఏసుబాబు ఇంట్లో బొట్టు పెట్టుకోరు కాబట్టి కార్డు చేతికిచ్చి, చాయ్ తాగి వచ్చారు. రవీందర్‌కు మాత్రం కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. తక్కువ చేసి కాదు. ఇంటి మనిషికి పిలుపేమిటి, పందిరి వేసే రోజుకే వచ్చి పని అందుకుంటాడు అనుకున్నాడు.

రవీందర్ రాలేదు. నెల తర్వాత మునగాల దగ్గర దాబాలో ఎదురుపడి, డిపోవాళ్ళందరి ముందు అడిగేశాడు.

"ఫకీరన్నకేమో బొట్టు, నాకేమో ఫొటోనా? బతికుండగా నీ ఇంట్లో ఉప్పు ముట్టను."

పర్వతాలుకు ఒళ్ళు మండింది. "ముట్టకు పో" అన్నాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే రవీందర్ బండి ఎక్కాడు. ఆ తర్వాత ఫోన్ చేయాలని చాలాసార్లు పేరు దాకా వెళ్ళి ఆగిపోయాడు. తనకంటే చిన్నవాడికి తనే ముందు చేయడమేమిటని ఒక పక్క, చేస్తే ఎత్తకపోతే ఎలాగని మరో పక్క. మొగవాళ్ళ పంతాలు ఇలాగే ఉంటాయి, ముదిరిన బెండకాయకూ వాటికీ పెద్ద తేడా ఉండదు.

ఈ నెలలో ఫకీరా రిటైరవుతున్నాడు. ఫంక్షన్ హాల్లో దావత్ పెడదామని అందరూ అంటే వద్దన్నాడు. పర్వతాలుకు ఫోన్ చేశాడు.

"బిర్యానీ గిర్యానీ నాకొద్దన్నా. పాలకీడు బువ్వ కావాలె. నీ ఇంట్ల, మనం నలుగురమే."

"నలుగురం ఎట్లయితం రా? ఆడు రాడు గదా."

"నేను తోల్కొస్త. నా కోసం వస్తనన్నడు. గని ఒకటే మాట, వచ్చి కూసుంటడట, తినడట."

పర్వతాలు ఫోన్ పెట్టేశాడు. రాని మనిషి ఎప్పటికైనా వస్తాడని ఆశ ఉంటుంది. వచ్చి, పళ్ళెం ముందు కూర్చుని, తినకుండా లేచిపోతే ఇక అంతే. ఆ స్నేహం ఖతం. అతనికి భయం వేసింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే వంట మొదలుపెట్టాడు. బాలమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. కందిపప్పు ఉడికింది, టమాటాలు మగ్గాయి. పచ్చి పులుసు కోసం మిరపకాయలు కాల్చాడు. వాటిని ఉప్పుతో కలిపి పిసకాలి. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఏమైంది, ఉప్పు అయిపోయిందా?" అంది గడప దగ్గర కూర్చున్న బాలమ్మ.

"ఉన్నది. గని ఎయ్య."

"ఎందుకెయ్యవు?"

"రవీందర్ ఏమన్నడు? నా ఇంట్ల ఉప్పు ముట్టనన్నడు. బువ్వ ముట్టననలే."

బాలమ్మ అతని వంక ఎగాదిగా చూసింది. "పుర్రె తిరిగిందా నీకు? ఫకీరన్న రిటైరైతుంటే సప్పిడి కూడు పెడ్తవా? గది రోగమొచ్చినోళ్ళు తినే తిండి."

"అందరం గదే తిందం. ఆడొక్కడికే ఏరుగ పెడితె ఇంకింత గుంజుకుంటడు."

చెప్పి చూసింది, తిట్టి చూసింది, చివరికి ఊరుకుంది. పప్పులో వేయలేదు, పులుసులో వేయలేదు, గుడ్లలో వేయలేదు. ఉప్పు ఉన్న పాపానికి మామిడికాయ తొక్కు జాడీ కూడా సజ్జ మీదికి ఎక్కింది.

ఉప్పు విషయంలో బాలమ్మకు పట్టింపులు ఎక్కువ. దీపాలు పెట్టాక ఆమె ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు, రుచి అనాలి. దాన్ని చేతి నుంచి చేతికి అందివ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి. లేదంటే కొట్లాటలు వస్తాయని ఆమె నమ్మకం. మిర్యాలగూడ కిరాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఆమెను ఉడికించడానికే రవీందర్ "వదినా, ఉప్పు" అని వీధికి వినపడేలా అరిచేవాడు. ఆమె గరిటె ఎత్తేది. అతను పళ్ళెం అడ్డం పెట్టుకునేవాడు.

దీపాలు పెట్టిన కాసేపటికి ముగ్గురూ వచ్చారు. ఫకీరా కొత్త చొక్కా వేసుకున్నాడు. ఏసుబాబు మిర్యాలగూడ నుంచి జిలేబీ తెచ్చాడు. రవీందర్ అందరికంటే వెనక వచ్చి, గోడలన్నీ ఒకసారి చూసి, "ఇల్లు బాగుంది వదినా" అన్నాడు. ఆ మాట బాలమ్మకే చెప్పాడు, పర్వతాలుకు కాదు. గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాడు.

నలుగురికీ పళ్ళేలు పెట్టింది బాలమ్మ. పర్వతాలే వడ్డించాడు. రవీందర్ పళ్ళెంలో అన్నం పెట్టబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా మాట నీకు తెలుసు కదన్నా."

"ఎర్కే. నా ఇంట్ల ఉప్పు ముట్టనన్నవ్. ఇందుల ఉప్పు లేదు. పప్పుల లేదు, గుడ్లల్ల లేదు, పులుసుల గూడ లేదు. నీ ఒట్టుకేం గాదు, తిను."

"ఓ, ఓ" అంటూ బాలమ్మ చెవులు మూసుకుంది. మొగుడు ఆ మాట ఒక్క గుక్కలో రెండుసార్లు అన్నాడు మరి.

రవీందర్ నమ్మలేదు. ఏసుబాబు పప్పన్నం ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగడానికి కొంత సమయం పట్టింది.

"నిజమే తమ్మీ. గడ్డి తిన్నట్టున్నది" అన్నాడు.

ఫకీరా కూడా తిన్నాడు. ఆ దావత్ అతనిది. ఏళ్ళ తరబడి బస్సు తోలి, ఇన్నాళ్ళకు కోరి అడిగిన బువ్వ అది. రెండో ముద్ద కూడా కలిపాడు. పర్వతాలు కూడా కూర్చుని తినసాగాడు. తలెత్తితే ఏడుపొస్తుందేమోనని పళ్ళెంలోకే చూస్తూ అన్నాడు.

"తప్పు నాదే రవీందర్. మనోడే గదా, మనోనికి పిలుపేందనుకున్న."

"మనోణ్ణయితే ముందు పిలవాలన్నా" అన్నాడు రవీందర్. "చుట్టాలందరి తర్వాతయినా పర్వాలేదు, గుమ్మం దాకా వస్తావనుకున్నా. మా ఆవిడ రెండు రోజులు గుమ్మం కడిగి ముగ్గు పెట్టింది."

ఆ ముగ్గు సంగతి పర్వతాలుకు ఇప్పటిదాకా తెలియదు.

రవీందర్ చెయ్యి తీశాడు. పర్వతాలు అన్నం పెట్టి, మీద పచ్చి పులుసు పోశాడు. రవీందర్ కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్ద చేతిలో ఉండగానే చుట్టూ చూశాడు. ముగ్గురు పెద్దవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు కూడా కాదు, తన కోసం ఆ చప్పిడి తిండిని వంచిన తల ఎత్తకుండా నములుతున్నారు. మూడో ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. ఇక లేస్తాడు అనుకున్నాడు పర్వతాలు.

"వదినా" అన్నాడు రవీందర్, చాలా మెల్లగా, "కాస్త రుచి తెస్తారా?"

బాలమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

"మరి ఒట్టు?" అన్నాడు ఏసుబాబు.

"నేను ఆ పేరుగలది ముట్టనన్నాను. రుచి ముట్టనని అనలేదు."

ఫకీరా పకపకా నవ్వాడు. అతనికి పొలమారింది. బాలమ్మ వెళ్ళి గిన్నె నిండా తెచ్చి, చేతికివ్వకుండా, అతని పళ్ళెం పక్కన నేల మీద పెట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళింది, తొక్కు జాడీ దించుకొస్తానని చెప్పి.

రవీందర్ తన పళ్ళెంలో వేసుకోలేదు. గిన్నె పట్టుకుని లేచి, ముందు పర్వతాలు పళ్ళెంలో చల్లాడు. పప్పులో బాగా ఎక్కువ పడింది. పర్వతాలు అంతా కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.