రక్తంలో ఏమీ లేదన్న మాట

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది కొనకనమిట్ల వైపు పల్లె. సుజాత నా తోడికోడలు, మా మరిది భార్య. పెళ్లయిన రెండో ఏడు, ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆమెకు నడుము నొప్పి మొదలైంది. తెల్లవారి మంచం మీద నుంచి లేవలేకపోయేది. పక్కకు దొర్లి, మంచం పట్టె పట్టుకుని, ఒక్కో కాలూ కింద పెట్టేది. అప్పటికే నేను బర్రెల పాలు పితికి, పేడ ఎత్తి, వంట మొదలుపెట్టి ఉండేదాన్ని. పది దాటాక ఆమె నడుము సర్దుకునేది. మధ్యాహ్నం చేనుకు వచ్చి నాతో సమానంగా మిరపకాయలు కోసేది. పనిలో ఉంటే హాయిగా ఉంటుందని, కూర్చుంటేనే పట్టేస్తుందని తనే అనేది.

ఇదేం నొప్పి? ఇంటి పని ఉన్నంతసేపు ఉండి, అది అయిపోగానే పోయే నొప్పి ఎక్కడైనా ఉంటుందా? నేను ఆమె మీద కన్నేసి ఉంచాను. ఎవరూ లేరనుకున్నప్పుడు ఎలా నడుస్తుందో తలుపు చాటు నుంచి చూసేదాన్ని. అప్పుడు కూడా గోడ పట్టుకునే నడిచింది. నమ్మానా? లేదు. నేను చూస్తున్నట్టు కనిపెట్టిందేమో అనుకున్నాను.

మార్కాపురంలో రక్తపరీక్షలు చేయించారు. అన్నీ మామూలుగా వచ్చాయి. ఒంట్లో వాపు ఉంటే చూపించే పరీక్ష కూడా. ఇక నా అనుమానానికి రుజువు దొరికినట్టయింది.

నొప్పి తగ్గకపోయేసరికి అక్కడే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. మరిది ఊళ్లో లేడని నేను తోడు వెళ్లాను. ఆయన ఆమెను చాలాసేపు ప్రశ్నలడిగాడు. ఇంజెక్షన్ కోసం పక్క గదిలోకి పంపి, నాతో మాట్లాడాడు.

"రక్తం బాగుందని వదిలేయొద్దమ్మా. ఈ వయసులో పొద్దున పట్టేసి, తిరిగితే తగ్గుతుందంటే అది వెన్ను కీళ్ల వాపు కావచ్చు. కొందరికి రక్తంలో కనపడదు. ఒంగోలు తీసుకుపోయి కీళ్లవాతం డాక్టరుకు చూపించండి, స్కానింగ్ తీయించండి" అని చీటీ రాసి నా చేతికిచ్చాడు.

సుజాత చేతి మీద దూది అదుముకుంటూ బయటికొచ్చింది.

"ఏమన్నాడక్కా?"

"ఏం లేదన్నాడు. దిగులు పెట్టుకోవద్దన్నాడు."

"మరి ఇట్ల ఎందుకు పట్టేస్తాంది?"

"నాకేం తెలుసు."

ఆమె దూది పారేసి నాతో బస్టాండుకు నడిచింది. తర్వాత, "నేను నాటకమాడతన్నానని నువ్వు కూడా అనుకుంటన్నావా అక్కా?" అంది.

"బస్సొచ్చింది, ఎక్కు" అన్నాను.

ఊరు దాటాక చీటీని ఉండ చుట్టి కిటికీలోంచి వదిలేశాను. ఆమె నా పక్కనే కళ్లు మూసుకుని కూర్చుంది.

ఎందుకు చేశాను? కాన్పులో పెద్దాపరేషన్ అయి నెల తిరగకుండానే నేను పొయ్యి ముందు కూర్చున్నాను. నడుము విరిగిపోతున్నా ఎవరూ ఏమనీ అడగలేదు. నా నొప్పికి ఎవరూ చీటీ రాయలేదు. ఈమెకు మాత్రం ఎందుకు? అప్పుడు అదే న్యాయం అనిపించింది.

తర్వాత మూడేళ్లు గడిచాయి. పని దొంగ అన్న పేరు ఇంట్లో ఆమెకు స్థిరపడింది. మరిది ఆమెను ఏడు నెలలు పుట్టింట్లో వదిలేశాడు. చివరికి ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. కన్ను చూసిన డాక్టరు, "పొద్దున లేస్తే నడుము పట్టేస్తుందా?" అని అడిగాడట. సుజాత అక్కడే ఏడ్చేసిందట. ఒంగోలులో స్కానింగ్ తీస్తే వెన్ను కీళ్ల వాపే అని తేలింది; కన్ను ఎర్రబడటమూ ఆ జబ్బు వల్లేనట. ముందే వచ్చి ఉంటే వెన్ను ఇంతగా బిగుసుకునేది కాదేమో అన్నారట అక్కడ.

ఇప్పుడు మందుల మీద ఉంది. పొద్దున్నే లేస్తుంది. కానీ వంగి కింద పడిన గరిటె తీయడం ఆమె వల్ల కాదు. నేనే తీసి ఇస్తాను.

"ఆ డాక్టరు ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే నాకీ గతి పట్టేది కాదు గదక్కా" అంటుంది అప్పుడప్పుడు. చెప్పిన మనిషినే చెప్పలేదని తిట్టిపోస్తుంటే నేను కూర తరుగుతూ వింటాను. తెలిసే అంటోందా? నా ముఖం చూడ్డానికే అంటోందా? ఆమె మార్కాపురం వెళ్లిన ప్రతిసారీ ఆ డాక్టర్ని కలిసిందేమోనని, తిరిగొచ్చాక ఆమె కళ్లలో వెతుకుతాను. ఏమీ కనపడదు.

ఇంతవరకూ అనుమానం, అనుమానం అని రాశాను. అది కూడా పూర్తి నిజం కాదు. రక్తపరీక్షలు వచ్చినప్పుడు నాది అనుమానమే. కానీ డాక్టరు విడమరిచి చెప్పాక, ఆ చీటీ పారేసేటప్పుడు, ఆమెకు నొప్పి ఉందని నాకు తెలుసు. తెలిసే పారేశాను.

ఈ మాట రాయడానికి ఆరేళ్లు పట్టింది. సుజాతతో అంటానో లేదో తెలియదు. ఇక్కడైతే అన్నాను.