సీసాలో చెరువు, ఆళ్ళగడ్డ బస్సు

నంద్యాల బస్టాండులో టీ కప్పులు ఏటికేడు చిన్నవవుతున్నాయి. రెండో గుటకకే అడుగు కనిపిస్తోంది. ఈ విషయమై ఎవరికి చెప్పుకోవాలో ఆలోచిస్తుండగా, ఎనిమిదీ పదికి ఆళ్ళగడ్డ బస్సు వచ్చింది.

ప్రయాణానికి కారణం మా అక్క కూతురు కావ్య. ఎనిమిదో తరగతి. ఆళ్ళగడ్డలో ఒక బడిలో సైన్సు ప్రదర్శన. నెగ్గిన ఒక్కరినే జిల్లాకు పంపుతారు. కావ్య తయారుచేసింది ఊరగాయ సీసాలో ఒక చెరువు. అడుగున మట్టి, పైన నీటి మొక్కలు, నాచు, రెండు నత్తలు, ఒక చిన్న చేప. పన్నెండు రోజుల కిందట మూత బిగించింది నేను. అక్క తిప్పి చూసింది, బావ తిప్పి చూశాడు, రాలేదు. బీయెస్సీ చదివాక నేను సాధించినవాటిలో అదొకటి.

కావ్యకు ఉచిత టికెట్టు, నాకు మామూలుది. కండక్టరు సీసాను చూసి, "చేపకు టికెట్టు వద్దులేప్పా, ఒళ్ళో పెట్టుకో" అన్నాడు. ఇలాంటి సరుకుతో వెళ్ళేవారు ఎడమవైపు కూర్చోవడం మేలు. పొద్దుటి ఎండ అటే పడుతుంది.

కావ్య కిటికీ పక్క, నేను మధ్యలో. నా పక్కన బొరుగుల సంచీతో ఒక పెద్దావిడ కూర్చుంది.

"ఏంది పాపా అది?"

"చెరువు, పెద్దమ్మా. మూత బిగించి పన్నెండు దినాలాయ. బయట్నుంచి ఎండ తప్ప ఏమీ పోదు. మొక్కలు ఎండతో తిండి చేసుకుంటాయి. చేప నాచు తింటాది. దాని పెంటను మట్టిలోని సూక్ష్మజీవులు కుళ్ళబెట్టి మళ్ళా మొక్కలకే ఎరువు చేస్తాయి."

"అంటే పన్నెండు దినాల్నుంచి ఎవురూ దానికింత పెట్టలా?"

శిరివెళ్ళ దాటేసరికి కావ్య నిద్రపోయింది. పెద్దావిడ బొరుగులు తీసి మొదట నాకు పెట్టింది. పక్కవాళ్ళకు పెట్టకుండా తినడం ఈ ప్రాంతంలో లేదు. తర్వాత సీసా వైపు చూసింది.

"అది నోరు తెరుస్తాంది సూడప్పా. దాని ముందర మనం తింటే అరుగుతాదా?"

కాదంటే బాగుండదు. మూత తెరుచుకుంది. పిడికెడు బొరుగులు పడ్డాయి. మూత మూసుకుంది.

తొమ్మిదిన్నరకు ఆళ్ళగడ్డలో దిగాం. ఉగ్గాణి, బజ్జి తిన్నాం, బాగున్నాయి. కావ్య మాత్రం ముట్టలేదు. సీసానే చూస్తూ కూర్చుంది.

పన్నెండుకు పరీక్షించే సారు వచ్చారు. అప్పటికి బొరుగులు ఉబ్బి నీళ్ళు కుడితిలా ఉన్నాయి.

"బయట్నుంచి ఏమీ పోదంటివే. ఇవేందమ్మా?"

కావ్య నా వైపు చూసింది. నేను గోడమీది నేల పొరల పటం శ్రద్ధగా చదువుతున్నాను.

"బస్సులో పడినాయి సార్. ఇంగ సూక్ష్మజీవులకు పని ఎక్కువైతాది. నీళ్ళలో ఉండే ఆక్సిజన్ అవే వాడేసుకుంటే చేపకు చాలదు."

సారు తలూపి ముందుకు వెళ్ళారు. జిల్లాకు ఎర్ర నురగ కక్కే అగ్నిపర్వతం ఎంపికైంది.

నాలుగూ ఇరవైకి తిరుగు బస్సు. చేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది, ఈసారి ఆకలికి కాదు. కావ్య మూత నాచేత తీయించి, చెంచాతో బొరుగులు ఏరసాగింది. మొత్తంమీద రోడ్డు బాగుంది, బస్సు వేళకు నడిచింది, మనుషులు మంచివాళ్ళు. ఆ మాటే అన్నాను. "ఆ పెద్దమ్మది మంచి మనసే కావ్యా, పాపం తెలియక వేసింది."

కావ్య చెంచా ఆపలేదు.

"ఆయమ్మకు తెల్దు, ఏసింది. ఈ మూత నీ చేతికి తప్ప ఎవురికీ రాదు గదా మామా."