అతుకు లేని పువ్వులు

మా దీనమ్మ దొడ్డమ్మ ఇన్నేళ్లూ అల్లిన లేసు దారం విప్పితే నరసాపురం నుంచి చందమామ దాకా వెళ్లి, అక్కడో ముడి వేసుకుని తిరిగొస్తుంది. నమ్మకపోతే మీ ఇష్టం. పదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్న దగ్గర్నుంచి నా లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి.

ఒక్క సంగతి మాత్రం కోత కాదు. అంత అల్లిన మనిషి పూర్తయిన బల్లగుడ్డ ఒక్కటీ చూడలేదు. మా దగ్గర పని పంచి ఇస్తారు. కొందరు పువ్వులే అల్లుతారు. ఏజెంటు వాటిని పట్టుకుపోయి ఇంకో పేటలో ఒకదానికొకటి అతుకు వేయిస్తాడు. అక్కణ్ణించి గుడ్డ ఓడెక్కిపోతుంది. దొడ్డమ్మది పువ్వు. పెళ్లయిన కొత్తలో పువ్వు, పెదనాన్న సముద్రం మీదకి వేటకెళ్లి తిరిగి రాని ఏడూ పువ్వే.

పోయిన వేసవిలో ఆవిణ్ణీ, ఆవిడ కూతురు రూబీనీ నా కారులో రాజమండ్రి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నీటికాసులట. పోయిన చూపు రాదు, ఉన్నదీ నిలవదని మొహం మీదే చెప్పేశాడాయన. దొడ్డమ్మ ఏడవలేదు. మెట్లు దిగుతూ అంది:

“ఒరేయ్ జాషువా, మన లేసు గుడ్డ బల్ల మీద పరిచి ఉండగా ఒక్కసారి చూడాలనుందిరా. ఈ కాస్తా పోకముందే.”

“ఓస్, అంతేనా! ఇక్కడ మాల్‌లో పెద్ద హోటలుంది దొడ్డమ్మా. బల్లబల్లకీ మన లేసే. మేనేజరు నన్ను చూస్తే కుర్చీలోంచి లేస్తాడు.”

“నువ్వెప్పుడెళ్లావన్నయ్యా ఆ మాల్‌కి?” అంది రూబీ.

“కట్టేటప్పుడు సలహా చెప్పింది ఎవరనుకున్నావు?”

మాల్ లోపల ఎంత నిశ్శబ్దమంటే, చీమ తుమ్మినా సెక్యూరిటీవాడు పరిగెత్తుకొస్తాడు. కొట్లలో మనుషుల కంటే బొమ్మలెక్కువ. మంచి బట్టలన్నీ వాటికే. మేడ మీది హోటలు తలుపు తోశానో లేదో, నా నోరే తెరుచుకుంది. నిజంగానే బల్లబల్లకీ తెల్లటి లేసు!

దొడ్డమ్మ ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. “పువ్వులే రూబీ! ఎన్ని పువ్వులే!” అంటూ బల్ల చుట్టూ తిరిగింది. ఆవిడ అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

బిరియానీ వచ్చింది. తినేముందు ఆవిడ ప్రార్థన చెయ్యాలి కదా. కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, “ప్రభువా, ఈ ఆహారాన్ని...” అని మొదలుపెట్టింది. వేళ్లు పువ్వు మీంచి పువ్వు మీదకి జరిగాయి. మాట ఆగిపోయింది.

“రూబీ, అతుకేదే?”

నేనందుకున్నాను. “మనవాళ్ల అతుకు కంటికి కనపడదు దొడ్డమ్మా! వెంట్రుకని ఎనిమిదిగా చీల్చి...”

రూబీ బల్ల కింద నా కాలు తొక్కింది.

“ఊరుకోరా,” అంది దొడ్డమ్మ మెల్లగా. “ఇది ప్లాస్టిక్కు. ఎవరి చెయ్యీ పడలేదు దీనిమీద.”

ఆమెన్ అనలేదు. తిండి పారేయకూడదు కాబట్టి తింది. ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ బల్ల మీద పెట్టలేదు, ఒళ్లోనే దాచుకుంది. ఆఖరి ముద్ద కాగానే లేచింది.

“పదండి. వెలుగుండగా వెళ్తే మొదలెట్టిన పువ్వు ముగించుకుంటాను.”

దారిలో నేను ఒక్క కోతా కోయలేదు.

ఈ ఏడు దొడ్డమ్మ లేసు సూది రూబీ చేతిలో ఉంది. ఏజెంటు తనకీ పువ్వులే ఇచ్చాడు. దొడ్డమ్మ అరుగు మీద పక్కనే కూర్చుని, ఎండ ఎటు తిరిగిందే అని అడుగుతూ ఉంటుంది.