నేను మార్చి చెప్పిన ముగింపు

సూరత్‌లో కాపురం పెట్టిన కొత్తలో నా దగ్గర నాలుగే తెలుగు పుస్తకాలుండేవి. అవే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. తొంభైల మొదట్లో పక్క గదిలోకి ఒక కొత్త జంట వచ్చింది. అతనూ మా ఆయనా ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు. ఆ అమ్మాయి అక్కడే పుట్టి గుజరాతీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడేది కానీ చదవడం రాదు.

మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని చీరలకు లేసు కుట్టేవాళ్ళం. ఇప్పుడేం చదువుతున్నానని రోజూ అడిగేది. చదివినంత వరకు కథ చెప్పేదాన్ని. ఒక నవల ఆమెను బాగా పట్టుకుంది. మొగుడితో పడలేక ఇల్లు విడిచి, పట్నంలో కుట్టుపనితో బతికే మనిషి కథ. మూడుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి అడగలేదు. పలక తెచ్చి నా ముందు పెట్టి, అక్షరాలు నేర్పమంది.

ఒత్తులు ఆమెను ఏడిపించాయి. రాయబోతే చేతికి గుజరాతీ అక్షరమే వచ్చేది. ఇప్పుడీ చదువెందుకని భర్త నవ్వినా మానలేదు. ఊరినుంచి పచ్చడి సీసాలకు చుట్టి వచ్చిన పాత పేపరు ముక్కల్ని కూడా వదలకుండా కూడబలుక్కునేది. ఏడాది తిరిగేసరికి నవల అడిగి పట్టుకెళ్ళింది.

ఒక ఆదివారం రెండు కుటుంబాలూ డుమస్ సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. మగవాళ్ళు టమాటా భజియాల బండి దగ్గర నిలబడ్డారు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నవల అయిపోయిందక్కా. ఆమె వాపస్ ఇంటికొచ్చిందని చెప్పినవ్ గదా. బుక్కుల అయితే రాలేదు."

నేను కథ చెప్పేనాటికి ఆమెకు పెళ్ళై ఆరు నెలలు. కొత్త పెళ్ళికూతురికి అలాంటి ముగింపు ఎందుకని, ఆ మనిషిని నేనే ఇంటికి చేర్చాను. ఆ సంగతే ఒప్పుకున్నాను.

"నేను గూడ గట్లనే పోతననుకున్నవా?" అంది. "ఇగ నాకు కథలు చెప్పకు అక్కా. బుక్కే ఇయ్యి" అంది. గొంతులో కోపం లేదు, నిశ్చయం ఉంది.

మిగతా మూడు పుస్తకాలూ మరునాడే ఇచ్చేశాను. నవల తిరిగి తీసుకుని మొదటినుంచి చదివాను. పట్నంలో ఆ కథలోని మనిషి సొంతంగా గది అద్దెకు తీసుకునే చివరి పేజీని ఇన్నేళ్ళూ గబగబా తిప్పేసేదాన్నని అప్పుడు తెలిసింది. ఈసారి నిదానంగా, రెండుసార్లు చదివాను.

తర్వాత ఊరెళ్ళి వచ్చేవాళ్ళతో పుస్తకాలు తెప్పించుకోవడం మొదలుపెట్టాం. ఒకటి ఆమె ముందు చదివితే, ఇంకొకటి నేను. ఎంతవరకు వచ్చామో రోజూ చెప్పుకునేవాళ్ళం. ముగింపు మాత్రం ఎవరికి వాళ్ళం చదువుకునేవాళ్ళం.