మార్తమ్మ టీచరుగారూ, సగం పనిచేసే మందూ

మాత్రల అట్ట మీద రేకు చిట్లిన చప్పుడు వంటింట్లోంచి వినబడితే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అన్నం తిన్నాక మా తమ్ముడు ప్రసాదు చేసే చప్పుడది. వినబడకపోతే ఇంకా మండుతుంది. వేసుకుంటే ఇదెన్నాళ్లని విసుగు, వేసుకోకపోతే భయం. ఈ రెండింటి మధ్య ఎలా బతకాలో నాకు నేర్పినావిడ మార్తమ్మ టీచరుగారు. నేర్పి, ఆఖర్న ఆవిడే నా ప్రాణాలు తోడేశారు.

తాడేపల్లిగూడెంలో మా బడికి ఆవిడ లెక్కల టీచరు. నేను కొత్తగా చేరిన తెలుగు టీచర్ని. అప్పటికే ప్రసాదు డిగ్రీ మధ్యలో ఆపేసి, కొల్లేటి పక్కన మా ఊళ్లో తలుపేసుకుని కూర్చున్నాడు. చేపల చెరువుల దగ్గర తిరిగే మోటార్ల చప్పుడులో ఎవరో తనను తిడుతున్నారనేవాడు. ఏలూరులో డాక్టరుగారు స్కిజోఫ్రీనియా అని చెప్పి మందిచ్చారు. రెండు నెలల్లో తిట్లు తగ్గాయి. "తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకు ఆ విషం?" అని అమ్మ మాన్పించేసింది. మళ్లీ మొదలైంది. రెండేళ్లలో అలా మూడుసార్లు. బడిలో మాత్రం ప్రతిసారీ తమ్ముడికి టైఫాయిడ్ అని రాసి సెలవు పెట్టేదాన్ని.

మూడోసారి సెలవు చీటీ మార్తమ్మగారి కంటబడింది. "ఏవండీ, రెండేళ్లలో మూడు టైఫాయిడ్లా? అబద్ధమైనా కాస్త లెక్క కుదిరేట్టు చెప్పాలండీ" అన్నారు. ఏడుపాగక ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు. సంచీలోంచి ఒక మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టారు. "నాదీ అదే జబ్బు. ఇరవై రెండేళ్లుగా వేసుకుంటున్నాను. ఈ ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక మీ ఊరొస్తాను."

అన్నట్టే వచ్చారు. బయటివాళ్లతో మాట్లాడని ప్రసాదు ఆవిడ ఎదురుగా కూర్చుని, "మీకు వినబడేవి పూర్తిగా పోయాయాండీ?" అని అడిగాడు.

"లేదు బాబూ. పక్కింట్లో టీవీ పెట్టినట్టుంటాయి. వినబడతాయిగానీ, లేచెళ్లి సమాధానం చెప్పాలనిపించదు. నాకు మందు అంతవరకే చేసింది. కొందరికి పూర్తిగా పోతాయి. కొందరికి మొదటి మందు పనిచెయ్యదు, మార్చాలి. మానేస్తే మాత్రం చాలామందికి తిరిగొస్తాయి."

అమ్మ మొహం మాడిపోయింది. బస్సు దాకా సాగనంపుతూ నేను కోపం ఆపుకోలేక, "పూర్తిగా తగ్గుతుందని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయిందండీ?" అన్నాను.

"ఆ మాట నమ్మే కదమ్మా మీరు మూడుసార్లు మాన్పించారు" అన్నారావిడ.

డాక్టరుగారు మార్చి ఇచ్చిన మందుకి ప్రసాదు కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. తిట్లు మాత్రం ఆగలేదు. చివరికి డాక్టరుగారు క్లోజపైన్ అనే మందు మొదలుపెట్టారు. దానికి తెల్లకణాలు పడిపోతాయేమోనని మొదట్లో వారంవారం ఏలూరు వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. ఒళ్లు పెరిగింది. నిద్రలో చొంగ కారి దిండు తడిసిపోయేది. అయితే ఒకనాడు మోటారు పక్కనే నిలబడి, చెవులు మూసుకోకుండా, చేపలకు మేత వేసొచ్చాడు. అమ్మ సంబరపడింది. వాడి స్నేహితులూ, డిగ్రీ చదువూ మాత్రం తిరిగి రాలేదు. వాటిని తెచ్చే మాత్ర లేదు.

రిటైరయ్యాక మార్తమ్మగారు ఏలూరు పక్కన వట్లూరులో ఒక్కరే ఉండేవారు. రెండు వారాలు ఫోనెత్తకపోతే వెళ్లాను. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి ఉన్నాయి. తలుపు సందులోంచి, "నిన్నెవరు పంపించారు?" అన్నారు. ఎన్నడూ నన్ను 'నువ్వు' అనని మనిషి. మందు మానేసి నాలుగు నెలలైందట. ఆవిడ చెల్లెల్ని పిలిపించి, ఇద్దరం కలిసి ఆస్పత్రిలో చేర్పించాం. మళ్లీ నన్ను గుర్తుపట్టి నమ్మడానికి ఆవిడకు నెల పట్టింది. ఆ రోజే నేను పేలిపోయాను.

"ఊరందరికీ చెప్పి మీరే మానేస్తారా? మీకేం తక్కువైందండీ?"

"ఈ మందుకి ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణికేదమ్మా. పిల్లలు నవ్వేవారు. వణకని చేత్తో ఒక్కసారి నా పేరు నేను రాసుకుందామనిపించింది."

"రాశారా?"

"రాశాను. ముత్యాల్లా వచ్చింది."

ఆ మొహంలో తృప్తి చూసి నాకు మరింత కోపమొచ్చింది. పాత మందు ఈసారి మునుపటంత పనిచెయ్యలేదు. రెండేళ్ల క్రితం గుండెపోటుతో పోయేవరకూ ఆవిడ చెవుల్లో గొడవ పెద్దగానే ఉండేది. అంత ఖరీదైన సంతకమా అని ఆవిణ్ణి మనసులో ఇప్పటికీ తిడుతూనే ఉంటాను.

అయినా ప్రసాదు మీద అరవబోయినప్పుడల్లా ఆగి, "ఈ మందు నీ దగ్గర్నుంచి ఏం తీసుకుంటోందిరా?" అని అడుగుతున్నాను. అన్నేళ్లలో మార్తమ్మగారిని నేను ఒక్కసారీ అడగని మాట అది. మొదటిసారి అడిగినప్పుడు వాడు, "పొద్దున్నపూటని అక్కా. పది దాటితేగానీ నాకు తెల్లారదు" అన్నాడు. డాక్టరుగారికి చెబితే మోతాదు కాస్త సర్దారు. ఇప్పుడు ఎనిమిదింటికి లేస్తున్నాడు. లేచి, కాఫీ చల్లారిపోయిందని నా మీదే విసుక్కుంటాడు. తిట్టుకుంటూనే వెళ్లి వేడిచేసి తెస్తాను.