ఎనభై నాలుగు కార్డులు

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు తెనాలిలో మా ఇంటికొచ్చి, వరండాలో చాప పరుచుకుని మర్నాటి పరీక్షకు చదువుకుంటూ కూర్చుంది. కంప్యూటర్ చదివే పిల్లలకు వృత్తి ధర్మాలని ఒక పాఠం ఉందట, అందులో ప్రోగ్రాము రాసేవాళ్ళ బాధ్యతలు ఐదు రాయమని ప్రశ్న తప్పకుండా వస్తుందట. ముప్పై ఏళ్ళు కంప్యూటర్ పాఠాలే చెప్పిన దాన్ని కాబట్టి, ఆ ఐదూ గబగబా చెప్పేస్తే బట్టీ పట్టేస్తానంది. రెండు చెప్పాను. ఇంతలో మాట తన ప్రాజెక్టు మీదికి వెళ్ళింది. ప్రోగ్రాము తను రాయలేదట, ఫోనులో ఏఐని అడిగితే అదే రాసిచ్చిందట. పరీక్షించి చూశావా అని అడిగితే, "నడుస్తోంది కదా అమ్మమ్మా, ఇంకేం చూడాలి?" అంది.

మూడో పాయింటు నా నోట్లోనే ఉండిపోయింది. సరిగ్గా ఆ మాటే, ఇంచుమించు ఆ వయసులోనే, నేనూ ఒకసారి అన్నాను.

నేను అప్పుడు బాపట్లలో ఎమ్.సి.ఎ. చివరి సంవత్సరం. రోజూ పొద్దున తెనాలిలో రైలెక్కి వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేదాన్ని. మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ గది అంటే గుడితో సమానం, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి, చల్లటి గాలి మనకోసం కాదు, ఆ యంత్రాల కోసం. ప్రాజెక్టుకు ఇద్దరిద్దరం జంట. నా జంట వేటపాలెం అమ్మాయి. వాళ్ళమ్మ జీడిపప్పు బట్టీలో పప్పు ఒలిచి కూతుర్ని అంతవరకు చదివించింది. ఆ పిల్లకు హైదరాబాదులో ఒక ఉద్యోగం ఖాయమైంది, వైవా పాసై కాగితం చేతికి రావడమే తరువాయి.

మా ప్రాజెక్టు రక్తం గ్రూపు కార్డులు. రేపల్లెలో ఒక చిన్న ఆసుపత్రివాళ్ళు సముద్రం వైపు ఊళ్ళలో శిబిరాలు పెట్టి అందరి రక్తం పరీక్ష చేసేవారు. వాళ్ళ ల్యాబు చూసే పెద్దాయన, ముస్లిం, అందరూ మాస్టారు అనేవారు, గుండ్రటి చేతిరాతతో పేరూ గ్రూపూ రిజిస్టరులో రాసి ఆ రిజిస్టరు మాకిచ్చేవాడు. వేటపాలెం అమ్మాయి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేది, నా ప్రోగ్రాము మనిషికొక కార్డు అచ్చువేసేది. మొదటి ఊరి కార్డులు బాగా వచ్చాయి. రెండో ఊరు పూర్తిగా బెస్తవారి ఊరు, ఎనభై నాలుగు పేర్లు. ఈసారి పేర్లు అక్షర క్రమంలో ఉంటే పంచడానికి వీలుగా ఉంటుందని మాస్టారు అడిగితే, నేను ఆ మధ్యాహ్నమే ప్రోగ్రాములో నాలుగు వరుసలు కలిపి, పది పేర్లతో నడిపి చూసి, ఒక్క గంటలో కార్డులన్నీ అచ్చువేసి పంపించేశాను. ఇంకోసారి చూద్దామా అని నా జంట అడిగితే, నడుస్తోంది కదా అన్నాను.

మూడు వారాల తర్వాత, వైవాకు రెండు రోజుల ముందు, ప్రాజెక్టు పుస్తకంలో నమూనాగా పెట్టడానికి ఆ ఊరి జాబితాను రిజిస్టరు పక్కన పెట్టుకుని చూస్తున్నాను. మొదటి పేరుకు గ్రూపు కలవలేదు. రెండోదీ కలవలేదు. అచ్చు తప్పేమోనని వేలు పెట్టి కిందికి దిగుతుంటే, ఎనిమిదో పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు విషయం అర్థమైంది. నా ప్రోగ్రాము పేర్లను మాత్రమే అక్షర క్రమంలోకి మార్చింది. వాటి వెంట జరగవలసిన గ్రూపులు ఉన్నచోటే ఉండిపోయాయి. ఒకరి రక్తం ఇంకొకరి పేరుకు అంటుకుంది. నేను పరీక్షకు వాడిన పది పేర్లూ ముందే అక్షర క్రమంలో ఉన్నాయి గనుక తప్పు కనబడనే లేదు.

మా గైడు సారు మంచివాడే, ఇప్పటికీ అంటాను. రిజిస్టరు చూసి, తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పాడు. "కార్డు చూసి ఎవరూ రక్తం ఎక్కించరమ్మా, ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేస్తారు. ముందు వైవా కానివ్వు. తర్వాత కొత్త కార్డులు పంపిద్దాం." ఆ మాట నమ్మాలని నాకెంత ఆశగా ఉందో చెప్పలేను. వేటపాలెం అమ్మాయి నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మ వేళ్ళు చూశావుగా నువ్వు. రెండ్రోజులు ఆగవే, రెండే రోజులు" అంది. జీడి సొనకు ఆవిడ వేళ్ళ చివర్లు నల్లగా పొక్కిపోయి ఉండేవి. సరేనన్నాను.

ఆ సాయంత్రం రైల్లో రిజిస్టరు మళ్ళీ తెరవకపోయి ఉంటే ఆ మాట మీదే నిలబడేదాన్నేమో. నిడుబ్రోలు దాటాక ఒక వరుస దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళ అమ్మాయి, బి నెగటివ్. పక్కన మాస్టారి గుండ్రటి అక్షరాల్లో, 'నెలలు నిండుతున్నాయి' అని ఉంది. మేమిచ్చిన కార్డులో ఆమెది బి పాజిటివ్. నెగటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే మూడు రోజుల్లోగా తల్లికి ఒక ఇంజెక్షన్ పడాలని, పడకపోతే ఈ బిడ్డకేమీ కాదుగాని తర్వాత కడుపున పడే బిడ్డకు ప్రాణం మీదికి వస్తుందని, మాస్టారే మాకు కార్డుల అవసరం వివరిస్తూ మొదటి రోజు చెప్పాడు.

మర్నాడు బాపట్ల రైలు ఎక్కలేదు. రేపల్లె పాసింజరు ఎక్కాను. దారి పొడుగునా, ఆ అమ్మాయికి ఇంకా కాన్పు కాకూడదని మొక్కుకుంటూనే ఉన్నాను. ల్యాబులో మాస్టారికి విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రిజిస్టరులో ఆ వరుస చూసి, "పద తల్లీ" అని గదికి తాళం వేశాడు. బస్సులో గంటసేపు ప్రయాణం, దిగాక ఉప్పుగాలిలో ఇసుకలో నడక. ఆ ఇంటి ముందు అత్తగారు కూర్చుని వల బాగుచేస్తోంది. "మా కోడలా? నిన్న పొద్దున్నే కాన్పయిందమ్మా, ఆడపిల్ల. రేపల్లెలోనే, డాక్టరమ్మగారి ఆసుపత్రిలో ఉన్నారు. ఏంటి, ఏమైంది?" అంది. మేము ఆ ఆసుపత్రి వీధిలోంచే బస్సెక్కి వచ్చాము.

తిరుగు బస్సు రెండు గంటల దాకా లేదు. చేపల పెట్టెలు తీసుకెళ్తున్న వ్యాను ఒకటి ఆపి, డ్రైవరు పక్కన మాస్టారూ నేనూ ఇరుక్కుని కూర్చున్నాము. మంచు కరిగి కాళ్ళ మీదికి నీళ్ళు కారుతున్నాయి. నిన్న పొద్దున నుంచి ఈ మధ్యాహ్నానికి ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కపెట్టి, తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది.

అక్కడి డాక్టరమ్మ నేను చెప్పింది పూర్తిగా విని, బల్ల సొరుగులోంచి మా కార్డు తీసి నా ముందు పెట్టింది. "కంప్యూటర్లో వచ్చిన కార్డు కదా అని నేను టెస్టు చేయించలేదమ్మా. ఇదే చేత్తో రాసిన కాగితమైతే చేయించేదాన్ని" అంది. సారు చెప్పిన మాటకు సమాధానం అలా వచ్చింది. మాస్టారు అక్కడే తల్లికీ బిడ్డకూ పరీక్ష చేశాడు. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్.

ఆ ఇంజెక్షన్ రేపల్లెలో దొరకలేదు. తెనాలిలో ఉండవచ్చని, ఉన్నా చల్లగా తీసుకురావాలని డాక్టరమ్మ అంటే, మాస్టారు తన టీ ఫ్లాస్కు కడిగి మంచుముక్కలు వేసి నా చేతికిచ్చాడు. మా ఊళ్ళో నాకు తెలియని వీధి లేదు, అయినా ఆ రోజు మెయిన్ రోడ్డు అంత పొడుగని నాకు తెలియదు. మూడు మందుల షాపుల్లో లేదన్నారు. నాలుగో షాపతను ఫ్రిజ్ తలుపు తీసి అట్టపెట్టె బయటికి తీసినప్పుడు నేను అప్పటికే ఫ్లాస్కు మూత తీసి పట్టుకున్నాను. పొద్దు వాలేసరికి రేపల్లెలో ఉన్నాను. గడువుకు ఇంకా ఒకటిన్నర రోజు ఉండగానే ఇంజెక్షన్ పడింది.

ఆమె భర్త గోడకు ఆనుకుని నిలబడి, "మీ చదువులకి మేమే దొరికామా అండీ?" అన్నాడు. గొంతు పెంచలేదు, అండి కూడా వదల్లేదు. అరిస్తే బాగుండేది. ఆ అమ్మాయి మాత్రం బిడ్డ మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తూ, "నా రక్తంలో ఏవన్నా చెడుందా అక్కా?" అని భయంగా అడిగింది. "నీ రక్తం మంచిదేనమ్మా, తప్పు నాది" అన్నాను. అంతకన్నా కష్టమైన వాక్యం జీవితంలో మళ్ళీ పలకలేదు.

మర్నాడు వైవా. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి కార్డులు తిప్పి చూసి మెచ్చుకున్నాడు. సారు నా వంక చూడలేదు. ప్రోగ్రామును ఎలా పరీక్షించారు అని పరీక్షాధికారి అడిగినప్పుడు బల్ల కింద వేటపాలెం అమ్మాయి వేళ్ళు నా మణికట్టును నొక్కాయి. నేను చెప్పేశాను, పది పేర్ల సంగతీ, ఎనభై నాలుగు కార్డుల సంగతీ, డాక్టరమ్మ మాటా. ఆయన నా జంట వైపు తిరిగి అడిగాడు, నీకు తెలుసా అని. "తెలుసండి, మొన్ననే తెలిసింది" అంది. ఆమె అబద్ధం ఆడవచ్చు, ఆడలేదు. ప్రాజెక్టు మళ్ళీ చేసి ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. హైదరాబాదు ఉద్యోగం అన్నాళ్ళు ఆగలేదు.

ఆ ఆరు నెలలూ ఆమె తల్లి పక్కన కూర్చుని పప్పు ఒలిచింది. నేను నిజం చెప్పడానికి నా భవిష్యత్తు ఒక్కటే ఖర్చుపెట్టలేదు, ఆమెది కూడా అడగకుండా ఖర్చుపెట్టాను. రేపల్లె వెళ్ళినందుకు నాకు ఏనాడూ విచారం లేదు. కానీ వైవా గదిలోకి వెళ్ళే ముందు ఆమెను పక్కకు పిలిచి, ఇలా చెప్పబోతున్నానని ఒక్క మాట అనలేదు, అంటే బతిమాలుతుందేమో, బతిమాలితే లొంగిపోతానేమో అని భయపడ్డాను. దానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

అయినా వైవా అయిన మరుసటి ఆదివారమే కొత్త కార్డులు వేయడానికి కంప్యూటర్ గది తెరిపించుకుని కూర్చుంటే, ఆమె వచ్చి, చెప్పులు విడిచి, నా పక్కన కుర్చీ లాక్కుని రిజిస్టరు చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్క పేరూ గ్రూపూ పైకి చదివింది, నేను ఒక్కొక్క కార్డు మీదా టిక్కు పెట్టాను. ఎనభై నాలుగు పేర్లు తప్ప ఆమె ఆ రోజు నాతో వేరే మాట మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మాట్లాడలేదు. పెద్ద ఉద్యోగాలే చేసిందని, తన కింద పనిచేసే పిల్లలు రాసిన ప్రతి ప్రోగ్రామునూ రెండుసార్లు చూస్తుందని ఎవరో చెప్పగా విన్నాను.

కొత్త కార్డులు పట్టుకుని మాస్టారూ నేనూ ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాము. పాత కార్డు అడిగి తీసుకుని, కొత్తది చేతిలో పెట్టి, ఎందుకు మారుస్తున్నామో ప్రతి గడప దగ్గరా చెప్పాము. కొందరు నవ్వారు, కొందరు కోప్పడ్డారు, ఒక ముసలమ్మ మజ్జిగ ఇచ్చింది. సాయంత్రానికి ఎనభై మూడు వెనక్కి వచ్చాయి. ఒకతను పడవ పనికి వేరే తీరం వెళ్ళిపోయాడట, కార్డు చొక్కా జేబులో పెట్టుకుని. అతనికి ఉత్తరం రాయించాము, చేరిందో లేదో తెలియదు.

ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఒక గదిలో కూర్చుని ఒక పిల్ల రాసిన నాలుగు వరుసలు, సాయంత్రానికి ఎన్ని ఊళ్ళు దాటతాయో, ఎవరి ఒంటి మీద, ఎవరి పేరు మీద పనిచేస్తాయో రాసిన పిల్లకే తెలియదు. తప్పని తెలిసినా ఏ రైలెక్కాలో, ఎవరి ఇంటికి వెళ్ళాలో తెలియదు. ఇవాళ్టి పిల్లలు మాకన్నా చెడ్డవాళ్ళేమీ కారు, తెలివిలో మాకన్నా ఎంతో పైనున్నారు. వాళ్ళకు లేనిది ఒక్కటే. మాకు తప్పు చేసిన చోటికి ఒక బస్సుండేది, అది దిగాక ఇసుకలో ఒక దారి ఉండేది, ఆ దారి చివర మనం చెప్పేది వినడానికి, తిట్టడానికైనా సరే, ఒక మనిషి ఉండేవాడు.